పక్క గదిలోంచి రెండో గొంతు

ప్రియమైన చెల్లికి,

తమ్ముడింటికి క్షేమంగా చేరాను. క్షేమం అంటే ఒళ్ళు మాత్రమే. గేటు తీసేసరికి మరదలు ఎదురొచ్చి నా పెట్టె వైపు చూసింది, నా వైపు కాదు. పెట్టె బరువునిబట్టి ఎన్నాళ్ళుంటానో అంచనా వేసుకుంటోంది పాపం. ముందు గదిలో పాత కుట్టుమిషను గోడకి జరిపి నాకు మంచం వేశారు. తమ్ముడు "నీ ఇల్లే అనుకో అక్కా" అన్నాడు. నిజంగా నా ఇల్లయితే ఆ మాట అనాల్సిన పనేముంది?

ఫోను చెయ్యొద్దన్నావు. విచారణ అయ్యేదాకా నాతో మాట్లాడేవాళ్ళ మీద కూడా కన్నేసి ఉంచుతానని సూపర్‌వైజరమ్మ అందట కదా. సరే, ఉత్తరాలే రాసుకుందాం. నీ రాత కోడి గెలికినట్టుంటుంది, ఒక్కో ఉత్తరం చదవడానికి నాకు పూట పడుతుంది. పడనీ. ఇప్పుడు నాకు వేరే పనేముంది!

అసలు సంగతికి వస్తాను. నా మాట ముందే రాయించుకుని ఇంటికి పొమ్మన్నారు, విచారణకి నిన్ను తప్పకుండా పిలుస్తారు. నువ్వు చూస్తే పిరికిదానివి. బల్ల అవతల పెద్దమనుషులు కూర్చుంటే నీళ్ళు నములుతావు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఇది చదువుకుని వెళ్ళు.

టీచరమ్మకి ఈ వయసులో కాళ్ళలో పట్టు లేదు, కాబట్టి ఎత్తే మిషను వాడాలి. ఒంటి కింద గుడ్డ దూర్చి, దాని పట్టీలు నాలుగూ మిషను కొక్కేలకి తగిలించి మీట నొక్కితే మనిషి మంచం మీంచి గాల్లోకి లేస్తుంది. అప్పుడు మెల్లగా కుర్చీలోకి దించాలి. మీట దగ్గర ఒకరు, అవతలి వైపు పట్టీలు కనిపెట్టుకుని ఒకరు, ఎప్పుడూ ఇద్దరుండాలి. మన వృద్ధుల హోములో రూలు అదే. కానీ మన వరస గదులన్నిటికీ కలిపి వేసింది మనిద్దరినే. ఇద్దరం ఒక్క గదిలోనే ఉండిపోతే మిగతావాళ్ళు తడిసిన బట్టల్లోనే పడుండాలి. అందుకని మనకంటే ముందున్నవాళ్ళు కనిపెట్టిన ఉపాయాన్నే మనమూ పట్టుకున్నాం. ఒకరు "ఒకటి, రెండు, మూడు" అంటూ ఎత్తుతారు. రెండోది పక్క గదిలో తన పని తాను చేసుకుంటూనే గట్టిగా గొంతు కలుపుతుంది. నడవాలో కుర్చీ వేసుక్కూర్చున్న సూపర్‌వైజరమ్మకి రెండు గొంతులు వినపడితే ఇద్దరున్నట్టే లెక్క. ఒక్కనాడైనా లేచి తొంగిచూసిన పాపాన పోలేదు. ఆవిడకి తెలుసు. తెలియనట్టు కూర్చోవడమే ఆవిడ ఉద్యోగం.

ఆ ఉదయం నేను పిలిచాను. నువ్వు పక్క గదిలో డ్రైవరు తాతకి బట్టలు మారుస్తున్నావు. "ఉన్నానక్కా" అని అరిచావు. ఇద్దరం లెక్కపెట్టాం. నేను మీట నొక్కాను. టీచరమ్మ పైకి లేచాక అవతలి కాలి పట్టీ కొక్కెం నుంచి జారింది. మధ్యలో ఆవిడే ఉండటంతో నాకు కనపడలేదు. అటు పక్క మనిషంటూ ఉంటే చేత్తో అదిమి పట్టేది, నన్ను ఆగమనేది. ఎవరూ లేరు. ఆవిడ ఒక పక్కకి ఒరిగి నా కళ్ళముందే నేలమీద పడిపోయింది. తుంటి విరిగిన చప్పుడు నేను విన్నాను. అది ఇంకా నా చెవుల్లోంచి పోలేదు.

నువ్వు చెప్పాల్సింది ఇంతే. నువ్వు పక్క గదిలో ఉన్నావని, అందరం అలాగే చేస్తామని, ఇద్దరి చేత నలుగురి చాకిరీ చేయిస్తున్నారని. నువ్వలా చెబితే తప్పు హోము మెడకి చుట్టుకుంటుంది. చెప్పకపోతే నా చేతిదే తప్పవుతుంది. ఆ మాట ఒకసారి పడిందంటే ఇంక ఏ హోములోనూ నన్ను మనిషి మీద చెయ్యి వెయ్యనివ్వరు. ఇంతకాలం ఈ పనే చేశాను. వేరే పని రాదు, వచ్చినా నాకు వద్దు. నీకు నాలుగు తిట్లు పడతాయేమో, పడనీ. ఉద్యోగం మాత్రం తియ్యరు. ఒకేసారి ఇద్దర్నీ పంపేస్తే ఆ ముసలివాళ్ళని లేపేదెవరు, మేనేజరా?

టీచరమ్మ ఎలా ఉందో వెంటనే రాయి.

నీతో కడుపు పంచుకు పుట్టకపోయినా
నీ అక్క

*

నా బంగారు అక్కకి,

నీ ఉత్తరం చూడగానే ఏడుపొచ్చింది. నువ్వు లేక మన గదులు బోసిపోయాయి. డ్రైవరు తాత రోజూ నిన్నే అడుగుతున్నాడు. నేను పక్కకి తిప్పబోతే "నీ చేతులు ఐసుముక్కల్లా ఉంటాయి, దాన్ని పిలు" అని కసురుతున్నాడు. దాన్ని ఎక్కణ్ణించి పిలవను తాతా అని నవ్వేసి ఊరుకుంటున్నాను.

టీచరమ్మకి ఆపరేషను చేశారు. ప్రాణానికి భయం లేదన్నారు గానీ కాళ్ళలో ఉన్న ఆ కాస్త సత్తువా ఇంక తిరిగి రాదట. నా సెలవు రోజున ఆసుపత్రికి వెళ్ళి చూసొచ్చాను. నా చేత్తో పాలు తాగించి జడ వేశాను. ఇకమీదట ప్రతి సెలవుకీ వెళ్తాను. నువ్వు లేని లోటు నేనైనా తీర్చాలి కదా.

ఇక్కడ అంతా మారిపోయింది. సూపర్‌వైజరమ్మ ఇప్పుడు ప్రతి గదిలోకీ వచ్చి చేతులు కట్టుకుని నిలబడుతోంది. కొత్త అమ్మాయిలు కూడా ఇద్దరు వచ్చారు. టీచరమ్మ పడకముందు మనం ఎన్నిసార్లు కాళ్ళావేళ్ళా పడి అడిగాం, మనుషుల్ని వెయ్యండి బాబూ అని! అప్పుడు దొరకని మనుషులు ఇప్పుడు ఎక్కణ్ణించి ఊడిపడ్డారో.

మేనేజరు గారు నన్ను పిలిపించారక్కా. తిడతారనుకున్నాను. తీరా వెళ్తే కూర్చోమని టీ ఇప్పించారు. ఆయన గదిలో నేను కూర్చోవడం ఇదే మొదలు. ఆ కుర్చీ ఎంత మెత్తగా ఉంటుందో తెలుసా, లేవబుద్ధి కాలేదు. "భయపడకమ్మా, నువ్వు మంచి పనిమంతురాలివి" అన్నారు. నేను నీ పేరే చెప్పాను, నేర్పింది అక్కేనండీ అని.

ఒక్కటి అడుగుతాను, తప్పుగా అనుకోకు. ఆ రోజు అవతలి పట్టీ కూడా నువ్వే తగిలించావు కదా? తగిలించాక లాగి చూశావా? వాళ్ళు అడిగితే నేను తెల్లమొహం వెయ్యకూడదు కదా, అందుకని.

మా ఆయన పని మళ్ళీ పోయింది. ఇంట్లో కూర్చుని పిల్లల మీద అరుస్తున్నాడు. నీ దగ్గర చెప్పుకోకపోతే ఎవరి దగ్గర చెప్పుకోను!

విచారణ గురించి నువ్వు దిగులు పెట్టుకోకు. నేను నీ వెంటే ఉన్నాను.

నువ్వు నేర్పిన చేతులతో
నీ చెల్లెలు

*

ప్రియమైన చెల్లికి,

లాగి చూశావా అని నన్నడుగుతున్నావా? పట్టీ తగిలించాక రెండుసార్లు లాగందే మీట ముట్టుకోవద్దని నీ చేతి మీద కొట్టి నేర్పింది ఎవరే? చూశాను. బాగానే పట్టుకుంది. కానీ మనిషి పైకి లేచేటప్పుడు బరువు ఒక పక్కకి పడితే గుడ్డ మడత పడి పట్టీ వదులవుతుంది. అందుకే కదా అవతల రెండో మనిషి ఉండాలనేది. ఆ రెండో మనిషి ఎక్కడుందో నీకూ నాకూ తెలుసు. మేనేజరుకీ అదే చెప్పు. టీ ఇచ్చాడని మెత్తబడకు. వాళ్ళు ఊరికే ఎవరికీ కుర్చీ చూపించరు.

కోప్పడ్డానని మూతి ముడుచుకోకు. ఇక్కడ నా మనసు మనసులో లేదు. ఏం జరిగిందో విను.

పక్కింట్లో దర్జీ ఉన్నాడు. వాళ్ళ నాన్న జ్వరమొచ్చి మంచాన పడి, తగ్గాక లేవడం మర్చిపోయాడు. పొద్దున్నే కొడుకూ కోడలూ చెరో చంకలో చెయ్యేసి బస్తా లాగినట్టు లాగుతుంటే ఆ పెద్దాయన కేకలు మా ఇంట్లోకి వినపడేవి. ఉండబట్టలేక వెళ్ళాను. ముందు వాళ్ళిద్దర్నీ పక్కకి పొమ్మన్నాను. ఆయన్ని మంచం అంచుకి జరిపి, చెప్పులు తొడిగి, పాదాలు మోకాళ్ళ కిందకి వచ్చేలా వెనక్కి పెట్టించాను. నా మోకాలు ఆయన మోకాలికి అడ్డం పెట్టి, నడుం దగ్గర బెల్టు పట్టుకున్నాను. "నాన్నగారూ, వెనక్కి వాలితే లేవలేరు. నేలమీద ఏదో పడిపోయింది, తీయబోతున్నట్టు ముందుకి వంగండి" అన్నాను. వంగాడు. తన కాళ్ళ మీద తనే లేచాడు చెల్లీ! నేను పట్టుకున్నానంతే. లేచి నిలబడి కిటికీలోంచి వీధి చూసి, "ఈ కొట్టుకి రంగెప్పుడు వేశారు?" అన్నాడు. నాకు ఒళ్ళంతా పులకరించింది. ఎన్నాళ్ళయిందో ఆ బరువు నా చేతుల్లోకి వచ్చి.

రోజూ వెళ్ళడం మొదలుపెట్టాను. గది చివరిదాకా నడిపించాను. వారం తిరక్కుండానే ఒక పొద్దున దర్జీ గేటు దగ్గరే ఎదురొచ్చి, నేల చూపులు చూస్తూ, "ఇంక మీరు శ్రమపడొద్దులెండి, మేమే చూసుకుంటాం" అన్నాడు. ఎందుకో అర్థమైంది. మా మరదలు పంపు దగ్గర నోరు జారిందట, నేను ఎవరినో పడేసి తుంటి విరగ్గొట్టి వచ్చానని. పెద్దాయన లోపల్నించి "ఆ అమ్మాయి రాలేదా?" అని అరుస్తున్నాడు. ఆయన కొడుకు తలుపు దగ్గరగా వేశాడు. ఇప్పుడు మళ్ళీ పొద్దున్నే కేకలు వినపడుతున్నాయి. నేను దిండు చెవులకి అదుముకుని పడుకుంటున్నాను.

ఇదే నా బతుకు ఇకమీద, నువ్వు నిజం చెప్పకపోతే. బతిమాలుతున్నాననుకో, బెదిరిస్తున్నాననుకో, నీ ఇష్టం.

టీచరమ్మ దగ్గరికి వెళ్తున్నందుకు నిన్ను కడుపులో పెట్టుకుంటాను. ఆవిడకి పాలు గోరువెచ్చగా ఉండాలి. జడ బిగించకు, తలనొప్పి వస్తుంది.

నీ జవాబు కోసం గేటు వైపే చూస్తూ
నీ అక్క

*

అక్కా,

ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. విచారణ అయిపోయింది. అందరినీ విడివిడిగా పిలిచారు. నేను చెప్పాల్సింది చెప్పాను. అంతా బాగానే జరిగిందనుకుంటున్నాను. మేనేజరు గారు నీ గురించి ఒక్క చెడ్డమాట అనలేదు, చాలాకాలం చాకిరీ చేసింది పాపం అన్నారు.

కొత్త అమ్మాయిలకి ఎత్తడం దించడం నేర్పమని నన్ను పెట్టారు. ప్రస్తుతానికే. నాకెక్కడ వచ్చునక్కా, నువ్వు చెప్పిన మాటలే అప్పజెబుతున్నాను. "మీ నడుముతో కాదు, మోకాళ్ళతో లేపండి" అంటుంటే నీ గొంతే వినపడుతోంది.

టీచరమ్మ కోలుకుంటోంది. విచారణవాళ్ళు ఆవిడ దగ్గరికీ వెళ్ళి మాట్లాడారట. త్వరలో హోముకి తీసుకొచ్చేస్తారు.

నాకు ఒకటి అనిపిస్తోంది, చెప్పనా? నీ నడుం ఎప్పుడో అరిగిపోయింది. ఇన్నేళ్ళు మోశావు, చాలు. ఇంక ఈ పని జోలికి రాకపోతేనే నీ ఒంటికి మంచిదేమో. తమ్ముడు చూసుకుంటాడు కదా.

పని మీద ఉన్నాను, మళ్ళీ తీరిగ్గా రాస్తాను.

నీ చెల్లెలు

*

ప్రియమైన చెల్లికి,

నా నడుం సంగతి నా నడుముకి వదిలెయ్. తీర్పు వచ్చేసింది. ఆఫీసు గుమస్తా ఫోను చేసి పాఠం చదివినట్టు చదివాడు. రూలు ప్రకారం గదిలో ఇద్దరూ ఉన్నారట, కాబట్టి హోము తప్పేమీ లేదట. పట్టీ సరిగా తగిలించకుండా మీట నొక్కడం నా నిర్లక్ష్యమట. ఇకమీద ఇలాంటి పనికి నేను తగనట.

ఇద్దరున్నారా? నేను మొదట నవ్వాను. గుమస్తా కంగారుపడి "అమ్మా, ఉన్నారా?" అన్నాడు. ఉన్నాను నాయనా, ఆ గదిలోనూ నేనొక్కదాన్నే ఉన్నాను అన్నాను. పెట్టేశాడు.

ఇది సూపర్‌వైజరమ్మ పని. నాకు అనుమానమే లేదు. రెండు గొంతులు నా చెవులతో విన్నానని ఒట్టేసి చెప్పుంటుంది. చెవుల వరకూ నిజమే కదా, ఆ మహాతల్లికి పాపం అంటదు. నీ మాట అవతల పారేసి ఆవిడ మాట పట్టుకున్నారన్నమాట. నువ్వు బల్ల ముందు వణుకుతూ నిజం చెప్పి ఉంటావు, వాళ్ళు పెదవి విరిచి ఉంటారు. నీ మొహం తలుచుకుంటే నాకే జాలేస్తోంది. నా మూలాన నీకూ అవమానం.

నేను ఊరుకోను. పై ఆఫీసు ఒకటుంది కదా, అక్కడ అడుగుతాను. మనకి ఇంకా టీచరమ్మ ఉంది. పడిన మనిషి ఆవిడ. గదిలో ఎంతమంది ఉన్నారో ఆవిడకంటే ఎవరికి తెలుసు? కాళ్ళు పోయాయి గానీ ఆవిడ బుర్ర మనందరికంటే చురుకు. ఆవిడ నోటితో ఒక్క మాట చెబితే చాలు. రేపే బయల్దేరుతున్నాను. ఈ ఉత్తరం ఆ ఊరికి వెళ్ళి రాత్రికే తిరిగొచ్చేవాళ్ళ చేతికిచ్చి పంపిస్తున్నాను. ముందు నీ దగ్గరికి వస్తాను, ఇద్దరం కలిసి ఆసుపత్రికి వెళ్దాం.

నీ అక్క

*

అక్కా,

తెచ్చినాయన గుమ్మంలోనే నిలబడ్డాడు, గబగబా రాసి ఆయన చేతికే ఇస్తున్నాను. నువ్వు రావద్దు. టీచరమ్మకి ఒంట్లో బాగాలేదు, ఎవరినీ చూడనివ్వడం లేదు. నాకూ సెలవు లేదు. ఆవిడని ఇప్పుడు అవన్నీ అడిగి బాధపెట్టకు. పెద్దావిడ, ఏం మాట్లాడుతుందో ఆవిడకే తెలియదు. నీ మంచికే చెబుతున్నాను, జరిగిందేదో జరిగిపోయింది.

నీ చెల్లెలు

*

ప్రియమైన అని రాయబోయి కొట్టేశాను.

నీ చీటీ అందేసరికి నేను చెప్పులేసుకుని గడపలో ఉన్నాను. టీచరమ్మకి బాగాలేదని రాశాక ఆగుతాననుకున్నావా? తిన్నగా ఆసుపత్రికే వెళ్ళాను. ఎవరూ అడ్డు పెట్టలేదు. చూసే వేళ అది, వార్డు నిండా చుట్టాలే.

వార్డు ఆయాలు ఇద్దరు ఆవిడని రెక్కలు పట్టుకుని తలగడ వైపు లాగుతున్నారు. ఆగండని అరిచాను. ఒంటి కిందున్న దుప్పటి చెరో కొసా పట్టించి, బాగున్న కాలు మడిపించి, ఆవిడ ఊపిరి తీసుకున్నాక మెల్లగా పైకి జరిపించాను. ఆ చేతులు ఎవరివో ఆవిడకి చూడకుండానే తెలిసిపోయింది. కళ్ళు మూసుకునే నా పేరు పిలిచింది. తరవాత గోడ వైపు తిరిగిపోయింది.

నొప్పేమో అనుకున్నాను. మంచం పక్కన కూర్చుని నా గోడు వెళ్ళబోసుకున్నాను. "టీచరమ్మా, గదిలో ఇద్దరున్నారని రాసుకున్నారు. మీరొక్క మాట చెబితే చాలు" అన్నాను.

"చెప్పానమ్మా" అంది గోడ వైపే చూస్తూ.

"ఏమని?"

"ఇద్దరున్నారని."

నాకు అర్థం కాలేదు. మళ్ళీ అడిగాను. అప్పుడు నా వైపు తిరిగింది. "ఆ పిల్ల నీ పక్కన నిలబడి ఉందన్నాను. పట్టీ జారుతోందక్కా అని అరిచిందన్నాను. నువ్వు వినిపించుకోలేదన్నాను. ఆ పిల్ల విచారణలో ఏం చెప్పిందో నన్నూ అదే చెప్పమంది" అంది.

ప్రతి సెలవుకీ వెళ్ళావు. పాలు తాగించావు, జడ వేశావు. గుక్క గుక్కకీ ఆ మాటలు నేర్పావు. నేనేమో ఇక్కణ్ణించి పాలు గోరువెచ్చగా ఇవ్వమని నీకు రాస్తున్నాను! నా అంత వెర్రిబాగుల్ది ఇంకొకతి ఉంటుందా? నువ్వు భయపడి నోరు మూసుకున్నావంటే నేను అర్థం చేసుకునేదాన్ని. నాలుగు తిట్టి మర్చిపోయేదాన్ని. లేని చోట ఉన్నానని చెప్పావు. అరవని అరుపు అరిచానని చెప్పావు. నువ్వు నా ఎదురుగా ఉండి ఉంటే చెంప పగలగొట్టేదాన్ని.

"బెదిరించిందా మిమ్మల్ని?" అని అడిగాను.

"బెదిరించలేదమ్మా. ముద్దుగానే చెప్పింది. రేపు మళ్ళీ మిమ్మల్ని ఎత్తేది నేనే కదా టీచరమ్మా, మనం మనం ఒక మాట మీద ఉండాలి అంది" అని, "నువ్వు మళ్ళీ ఆ హోముకి వస్తావా?" అని అడిగింది.

"నన్ను రానివ్వరు టీచరమ్మా."

"అందుకేనమ్మా" అంది.

ఆ క్షణంలో ఆవిడ మీద కూడా నాకు ఒళ్ళు మండింది, ఎందుకు దాచడం? ఇన్నేళ్ళు పసిపిల్లలా చూసుకున్నాను కదా, ఒక్క నిజం నాకోసం చెప్పలేదా అనుకున్నాను. అప్పుడు ఆవిడ దుప్పటి కింది నుంచి చెయ్యి తీసి నా చెయ్యి పట్టుకుంది. "గాల్లో ఉన్నప్పుడు నాకు ఇంకేం గుర్తుండదు. మీట ఎవరి చేతిలో ఉందా అని చూస్తాను" అంది. ఆవిడ మొహం తుడిచి, దిండు సర్ది, వచ్చేశాను.

పై ఆఫీసు గుమ్మం దాకా వెళ్ళాను. ఎదురుగా అరుగు మీద కూర్చుని చాలాసేపు ఆలోచించాను. లోపలికి వెళ్తే మళ్ళీ విచారణ వేస్తారు. మళ్ళీ టీచరమ్మనే అడుగుతారు. ఆవిడ అబద్ధమే చెబితే నేను రెండోసారి చస్తాను. నిజం చెబితే మర్నాడు పొద్దున ఆవిడని గాల్లోకి లేపేది నువ్వు. నువ్వేదో చేస్తావని కాదు. నువ్వు అంత దుర్మార్గురాలివి కాకపోవచ్చు. కానీ నువ్వు మీట నొక్కినప్పుడల్లా ఆవిడ భయంతో బిగుసుకుపోతుంది. బిగుసుకుపోయిన మనిషి సరిగ్గా కూర్చోదు, జారుతుంది.

అందుకని లోపలికి వెళ్ళలేదు. ఇక వెళ్ళను. నీ మీద జాలితో అనుకోకు, నీ మొగుడి ఉద్యోగం పోయిందని అసలే కాదు. నీమీద నాకు రవ్వంత జాలి లేదు. నా పేరు కడుక్కోవాలంటే ఆవిడ ప్రాణం నీ చేతిలో పెట్టి బేరం ఆడాలి. ఆ పని నువ్వు చేశావు, నేను చెయ్యలేను. తప్పు నాదేనని అందరూ అనుకోనీ. దర్జీ తలుపులు మూసుకోనీ.

వచ్చే వారం ఆవిడని హోముకి తెస్తారట. విను. విరిగింది ఎడమ తుంటి, కాబట్టి కుడి పక్కకే తిప్పు. తిప్పేముందు మోకాళ్ళ మధ్య దిండు పెట్టడం మర్చిపోకు. గుడ్డ ఎడమ వైపు నుంచి లాగకుండా మడిచి కింద దూర్చు. పడినప్పటినుంచి ఆవిడ గట్టిగా మాట్లాడితే ఉలిక్కిపడుతోంది, లెక్క మెల్లగా పెట్టు. ఆవిడ తనంతట తాను "ఊఁ" అన్నాకే మీట నొక్కు. కొత్త పిల్లల్లో ఒకతిని అవతలి వైపు నిలబెట్టు. నిజంగా నిలబెట్టు.

ఇకమీదట నాకు ఉత్తరం రాయకు. అక్కా అని ఎక్కడా అనకు.

ఆ ఉదయం ఆ గదిలో
ఒక్కతే ఉన్న మనిషి